తడిక చాటు లెక్కలు

పింఛను పుచ్చుకునే మనబోటివాళ్ళం బతికే ఉన్నామని ఏడాదికొకసారి సర్కారువారికి విన్నవించుకోవాలి కదా. ఇదివరకు దానికి సంతకం చాలేది, ఇప్పుడు ముఖం కావాలట. మొన్న ఆ పని మీదే రాజోలులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళితే, అక్కడి అమ్మాయి ఫోను నా ఎదురుగా పట్టుకుని, "మామ్మగారూ, ముఖం కదపకండి, ఒక్కసారి రెప్పేస్తే చాలండి" అంది. రెప్ప వేయబోతే కనుబొమ్మలు లేచాయి, కనుబొమ్మలు దింపబోతే నోరు నవ్వింది, నోరు బిగిస్తే తల ఊగింది. నాలుగుసార్లు చూసి కూడా ఆ ఫోను నేను బతికి ఉన్నానని ఒప్పుకోలేదు. వెనకాల వరసలో ఉన్న పెద్దమనుషులు విసుక్కున్నారు గాని నాకు మాత్రం నవ్వాగలేదు. ఎందుకంటే ముఖం కదపకుండా ఉండడం చేతకాక, నా మొట్టమొదటి ఉద్యోగం ఊడినంత పనై, మళ్ళీ నిలబడిన సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది.

తొంభైల నడిమి మాట అది. నా పుట్టిల్లు మండపేట. ధాన్యపు బస్తాల మధ్య పెరిగినదాన్ని. మలికిపురం దగ్గర ఒక కొబ్బరితోటల ఊరికి కోడలిగా వచ్చాను. బి.ఇడి. పట్టా చేతికి వచ్చింది గాని ఉద్యోగం రాకపోవడం వల్ల ఆ పట్టా బీరువాలో పట్టుచీరల మధ్య హాయిగా పడుకుని ఉండేది. పైగా లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు లెక్కలోకి తీసుకోదగ్గవి కావు. అటువంటి రోజుల్లో, చిన్నపిల్లలకు లెక్కలు ఎలా బోధపడతాయో పరిశోధించడానికి హైదరాబాదు నుంచి ఒక మేడంగారు, ఆవిడ శిష్యుడొకాయనా మా ఊరి బడికి వచ్చారు. పిల్లలకు లెక్కలు బెత్తంతో వస్తాయి, ఆ ముక్క తెలుసుకోవడానికి హైదరాబాదు నుంచి రావాలా అని ఊళ్ళో నవ్వుకున్నారు. వాళ్ళకు పిల్లల మాట తెలిసిన స్థానికులు ఒకరు కావాలన్నారని, మా మామగారికి వరసకు తమ్ముడైన హెడ్మాస్టరుగారు నా పేరు చెప్పారు.

మా మామగారు దేన్నీ వద్దనే మనిషి కాదు, గడువు పెట్టే మనిషి. తోటలో కాయ కోయించడాన్ని మావైపు దింపు అంటారు; ఇంచుమించు రెండు నెలలకొకసారి ఉంటుంది. ఆయన కాలం కొలిచేది కేలండరుతో కాదు, దింపులతో. మావారిని పిలిచి, "ఈ దింపు అయిపోయింది కదా, మళ్ళీ దింపు దాకా వెళ్ళనీరా. పని బాగుందన్నారా, అప్పుడు చూద్దాం. బాగోలేదన్నారా, వంటింట్లో పని ఎప్పుడూ బాగానే ఉంటాది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు గాని నేను ఆ రాత్రే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎందుకంటే, పెళ్ళయిన మూడేళ్ళలో నేను ఆ ఇంటి చిన్నకోడల్ని, ఫలానావారి భార్యని, తోటికోడలి కూతురికి పిన్నిని. మొదటిరోజు బడి వరండాలో మేడంగారు నా పేరు పెట్టి పిలిచినప్పుడు ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఆ పిలుపు రెండు నెలల్లో అయిపోకూడదని ఆ క్షణమే అనిపించింది.

పని తేలికగానే కనిపించేది. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చాప మీద కూర్చోబెట్టి, ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి, పంపకాల లెక్కలు నోటితో అడగాలి. పక్కన టేపురికార్డరు తిరుగుతుంటుంది. నియమం ఒక్కటే: జవాబు తప్పనీ ఒప్పనీ చెప్పకూడదు, "ఎలా వచ్చిందో చెప్పమ్మా" అని మాత్రం అడగాలి. వరండాకు అటు చివర శిష్యుడుగారు కూడా అదే పని చేసేవారు గాని, ఆయన భాషకు మా పిల్లలు మొదట్లో బెదిరిపోయి, ఏమడిగినా "ఆయ్" అని ఊరుకునేవారు. ఒకమ్మాయి పిక్కలు లెక్కపెడుతూ "లాభం, రెండు, మూడు" అంటే, పాపం ఆయన ఈ పిల్లకు ఒకటి అనే అంకె రాదని కాగితం మీద రాసుకున్నారు. ధాన్యం కొలిచినా కాయ విసిరినా మనం మొదటిదాన్ని లాభం అంటామని నేను చెప్పాక, అది కొట్టేసి, ఆ పూటంతా నన్ను గౌరవంగా చూశారు.

గౌరవానికి తగ్గట్టే నా ఫలితాలు కూడా ఉండేవి. ఆయన అడిగిన పిల్లల్లో సగానికి సగం తప్పులు. నేను అడిగిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఒప్పులే. ఇరవై ఆరుగురు కాలవ దాటాలి, పడవలో నలుగురే పడతారు, ఎన్నిసార్లు తిరగాలి అంటే శిష్యుడుగారి పిల్లలు ఆరున్నరసార్లు అనేవారు. నా పిల్లలు ఏడని చెప్పి లేచిపోయేవారు. నేను ఇంటికొచ్చి ఈ సంగతి మావారికి చెబితే, ఆయన మామగారికి చెబితే, మామగారు కాఫీ హోటలు బల్ల మీద ఊరందరికీ చెప్పారు. మా కోడలు అడిగితే పిల్లలకు లెక్కలు అవే వచ్చేస్తన్నాయండీ అని.

అవే ఎలా వస్తున్నాయా అని ఆలోచించింది మాత్రం మేడంగారు. ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా కేసెట్లు వినిపించారు. ప్రతి పిల్లా ఒకేలా చెబుతోంది. "నాలుగు..." అని కాస్త ఆగడం, "అయిదు..." అని ఆగడం, "ఆరు..." ఆ తర్వాత గట్టిగా "ఏడండీ!" మెట్లెక్కుతున్నట్టు ఒక్కొక్క అంకే ఎక్కి, సరైన మెట్టు మీదే ఆగిపోతున్నారు. ఎక్కడ ఆగాలో వీళ్ళకు చెబుతున్నదెవరు అని ఆవిడ అడిగితే, నేనైతే నోరు విప్పలేదండీ అన్నాను. ఆవిడ ఆ చుట్టుపక్కలే తిరుగుతున్న మా తోటికోడలి కూతుర్ని పిలిచి అడిగారు. తొమ్మిదేళ్ళ పిల్ల, అబద్ధమాడడం ఇంకా నేర్చుకోలేదు.

"పిన్ని కనుబొమ్మలు చూసుకుంటే చాలండి. జవాబొచ్చేదాకా కిందనే ఉంటాయి. వచ్చిందనుకోండి, పైకెళ్ళిపోతాయి. మా క్లాసులో అందరికీ తెలుసండి. రానోళ్ళకి నేనే చెప్పేనండి."

మేడంగారు పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను గాని నా నవ్వు సగంలోనే తడిసిపోయింది. ఎందుకంటే ఆ నవ్వయ్యాక ఆవిడ, పాపం చాలా మెత్తగానే, ఈ కేసెట్లలో ఉన్నది పిల్లల లెక్కలు కావు, మీ ముఖమని చెప్పారు. నెలన్నర పని వృథా. దింపుకు ఇంకా పద్ధెనిమిది రోజులే ఉంది. కొత్త లెక్కలతో మళ్ళీ మొదలుపెడదాం, మీరు ముఖం మాత్రం కదపకండి, ఈసారి కూడా కుదరకపోతే శిష్యుడే ఏదోలా చేసుకుంటాడు అన్నారు.

ఇక ఆ రాత్రి నుంచి అద్దం ముందు నా సాధన మొదలైంది. నాలో నేనే లెక్క అడుక్కుని, నాలో నేనే జవాబు చెప్పుకుని, కనుబొమ్మల్ని కాపలా కాసేదాన్ని. పగలు కూడా మరిచిపోతానేమోనని అన్నం వడ్డించేటప్పుడూ అదే ముఖం పెట్టుకునేదాన్ని. మూడోరోజుకి మా అత్తగారు వాము కషాయం గ్లాసుతో వచ్చి, "ఏమ్మా, కడుపులో బాగోలేదా, లేకపోతే అబ్బాయేమైనా అన్నాడా? ముఖం చూస్తే గోడకి సున్నమేసినట్టుంది" అన్నారు. లెక్కల కోసమని చెబితే, లెక్కలకి కషాయం పనిచెయ్యదేమోనని సందేహిస్తూనే తాగించి వెళ్ళారు. ఇంతా చేసి బడికి వెళితే, కనుబొమ్మలు మాట విన్నాయి గాని మెడ వినలేదు. జవాబు రాగానే తల నాకు తెలియకుండానే ఊగిపోతోంది. పిల్లలు రెండు రోజుల్లో ఆ గుట్టు కూడా పట్టేశారు.

అప్పుడు పుట్టింది తడిక ఆలోచన. నాకు కాదు, మా మామగారికి. కోడలి ముఖం పని చెడగొడుతోందని ఊళ్ళో తెలిసిపోయి, కాఫీ హోటల్లో ఆయనకు తలవంపులుగా ఉండేది. పాలేరు చేత కొబ్బరాకుల తడిక అల్లించి, భుజాన వేసుకుని స్వయంగా బడికి పట్టుకొచ్చి, వరండాలో రెండు స్తంభాల మధ్య కట్టించి, మేడంగారితో, "మా కోడల్ని దీనెనకాల కూకోబెట్టండి. మా ఇంట్లో ఘోషా లేదు గాని, లెక్కలికి తప్పదంటే కానివ్వండి" అన్నారు.

తడికకు ఇటు నేను, అటు పిల్ల, చింతపిక్కలు, టేపురికార్డరు. మొదటిరోజు పిల్లలు ఆకుల సందుల్లోంచి నా కళ్ళ కోసం వెతికారు. ఒకడైతే పైనుంచి తొంగి చూడబోయి తడికతో సహా నా ఒళ్ళో పడ్డాడు. రెండోరోజుకు అలవాటు పడ్డారు. నేను అనుకోని సంగతి ఒకటి అప్పుడు జరిగింది. వాళ్ళకు నేను కనబడకపోవడం ఒక ఎత్తు, నాకు వాళ్ళు కనబడకపోవడం ఇంకొక ఎత్తు. అటు ఏం జరుగుతోందో తెలియాలంటే అడగక తప్పదు. ఇప్పుడేం చేస్తున్నావమ్మా, ఆ పిక్కలు ఎటు జరిపావు, ఎందుకు జరిపావు అని మొదటిసారి నిజంగా తెలియక అడిగాను. నిజంగా తెలియక అడిగినప్పుడు పిల్లలు ఎంత బాగా చెబుతారో నాకు బి.ఇడి.లో ఎవరూ చెప్పలేదు.

మా తోటికోడలి కూతురి వంతు వచ్చింది. ముప్పై ఆరు కాయలు ముగ్గురికి సమంగా పంచాలి, ఒక్కొక్కరికి ఎన్ని అని అడిగాను. పిక్కల చప్పుడైనా చెయ్యకుండా, "మూడు పిన్నీ" అంది.

తడిక ఇవతల నా కనుబొమ్మలు రెండూ కుప్పకూలిపోయాయి. అవతల ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. నియమం ప్రకారం ఎలా వచ్చిందమ్మా అని అడిగాను.

"ముప్పై ఆరంటే తొమ్మిది పుంజీలు కదా. ముగ్గురూ తలో మూడూ పట్టుకెళ్ళిపోతే సరి."

మండపేట బుర్ర కదా, నాకు ఒక నిమిషం పట్టింది. దింపు రోజున కాయలు లెక్కించేవాళ్ళు చేతికి రెండు చొప్పున నాలుగేసి విసురుతారు. ఆ నాలుగూ ఒక పుంజీ. పోగు పక్కన కూర్చుని పుట్టినప్పటి నుంచీ అది చూస్తున్న పిల్లకు కాయలంటే ఒక్కొక్కటిగా కనబడవు, పుంజీలుగానే కనబడతాయి. అయితే మనిషికి కాయలెన్ని అని అడిగాను.

"కాయలా? పన్నెండు. పుంజీకి నాలుగని నీకు తెలీదా పిన్నీ?" అంది, నన్ను చూస్తే జాలేసినట్టు.

మేడంగారు ఆ ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నారు. తర్వాత లేచి, వృథా అన్న పాత కేసెట్లలోంచి ఇదే పిల్లది వెతికి తీశారు. అప్పుడు అడిగిన లెక్క ఇరవై నాలుగు కాయలు ఇద్దరికి పంచడం. పిల్ల గొంతు వెంటనే "మూడు" అంది. ఆగింది. "నాలుగా?" అంది. ఆగింది. అయిదు, ఆరు, ఏడు అంటూ గొంతు చిన్నదవుతూ, బిక్కుబిక్కుమంటూ పన్నెండు దాకా ఎక్కి అక్కడ ఆగింది. ఇరవై నాలుగంటే ఆరు పుంజీలు, ఇద్దరికీ తలో మూడు. పిల్ల మొదటి మాటే సరైనది. దాన్ని తొమ్మిది మెట్లు ఎక్కించినది నా ముఖం.

ఆ తర్వాత మేడంగారు రెండు కేసెట్లూ ఒకే కవరులో పెట్టి, ఇక ఏదీ పారెయ్యక్కర్లేదు, ముఖం ఉన్న లెక్కలు, ముఖం లేని లెక్కలు, రెండూ పక్కపక్కన కావాలన్నారు. ఊళ్ళో పిల్లలందరినీ తడిక చాటు నుంచి మళ్ళీ అడగాలని, దానికి ఇంకో మూడు నెలలైనా పడుతుందని చెప్పారు.

దింపు రోజు రానే వచ్చింది. తోటలో కాయ పోగుపడుతుండగా మేడంగారు పుంజీల లెక్క కళ్ళారా చూడాలని వచ్చారు. మా మామగారు ఆవిడకు బోండాం కొట్టించి ఇచ్చి, గొంతు సవరించుకుని, "మా కోడలు పాసయ్యినట్టేనాండీ?" అని అడిగారు.

"కనబడకుండా ఉంటే ఫస్టుక్లాసండి" అన్నారావిడ.

"ఆయ్. అయితే మళ్ళీ దింపు దాకా ఉంచుకోండి" అన్నారు మామగారు. ఆ మళ్ళీ దింపు తర్వాత గడువు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండువేల సంవత్సరం దాటాక నాకు ఉప్పలగుప్తం వైపు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఎన్ని దింపులకని ఎవరూ అడగలేదు.

క్లాసులో తడిక కట్టుకోలేను కదా, లెక్క అడిగి నల్లబల్ల వైపు తిరిగి నిలబడడం అలవాటు చేసుకున్నాను. టీచరుగారికి సుద్దముక్క కనబడక వెతుక్కుంటున్నారని కొందరు, ఏడుస్తున్నారని కొందరు అనుకునేవారట. అలా నా వీపుతో నేను చాలా ఏళ్ళు చక్కగా పాఠాలు చెప్పాను. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ వెనకనుంచి వినబడే జవాబులు మారిపోయాయి. ఎలా వచ్చిందమ్మా అంటే గైడులో అలాగే ఉందండీ అనేవారు. అలా కాకుండా ఇంకోలా చెయ్యొచ్చా అంటే పరీక్షలో మార్కులు పోతాయండీ అనేవారు. తోటలు కొన్ని చేపల చెరువులయ్యాయి. మిగిలిన తోటల్లో కాయ దింపే రోజున పిల్లలు స్కూలు బస్సుల్లో ఉంటున్నారు గాని పోగు పక్కన లేరు. దానికి నేనెవరినీ తప్పుపట్టను. మా ఇంటి పిల్లలూ ఆ బస్సుల్లోనే వెళ్ళారు, బాగానే చదువుకున్నారు. ముప్పై ఆరు కాయలు ముగ్గురికి పంచమంటే పిక్కలు అక్కర్లేకుండా, నా ముఖమూ అక్కర్లేకుండా, పన్నెండని ఇప్పుడు అందరూ ఠక్కున చెబుతారు. సంతోషమే. మూడని చెప్పే పిల్ల మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.