ఐదు నుంచి పది దాకా

కోయిలకుంట్లలో మా పక్కింటి నర్సమ్మ పోయిన మంగళవారం కర్నూలు ఆసుపత్రిలో న్యుమోనియాతో చనిపోయింది. దేవుడు పిలుచుకున్నాడని చర్చిలో పాస్టరుగారు అన్నారు. వెనక బెంచీలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. దేవుడి మీదికి నెట్టేస్తే మా వీధికి ఎంత సుఖమో!

ఆమె ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. జలుబుకు సూది వెయ్యమని వచ్చినవాళ్లను వేడినీళ్లు తాగమని పంపేసేది. "జలుబుకు ఆ మందు పన్జేయదు నాయనా. ఊరికే వాడితే లోపలి పురుగు ముదురుతాది" అనేది. వాళ్లు నవ్వుకుంటూ బస్టాండు దగ్గరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేవాళ్లు. ఆయన పడిశానికీ కాళ్లనొప్పికీ ఒకటే సూది వేసేవాడు. మందుల షాపువాడు ఏనాడూ చీటీ అడిగిన పాపాన పోలేదు.

వాళ్లను తిట్టడం నాకు తేలిక. కానీ వీధి మందుల డబ్బా ఉండేది మా ఇంటి గూట్లోనే. మిగిలిన మాత్రలు పారేస్తే పాపమని అందరూ ఆ బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్లు. దగ్గొచ్చినవాళ్లు వచ్చి రెండు పట్టుకుపోయేవాళ్లు. "పేరు చదివి ఇయ్యప్పా, శానా చదివినోడివి" అనేవాళ్లు. ఇంటినిండా పుస్తకాలున్న నేను కళ్లద్దాలు తుడుచుకుని మరీ ఇచ్చేవాణ్ణి. అది ధర్మమనుకున్నాను.

నర్సమ్మ ఒకసారి చూసింది. "ఏమన్నా, పెరుగుకు తోడు ఇచ్చినట్టు ఇస్తాండావే! యాడ ఏం తోడుకుంటాదో తెలుసునా?"

ఈ చలికాలం నాకు జ్వరమొచ్చి ఛాతీ పట్టేస్తే ఆమే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రాసిన పది యాంటీబయాటిక్ మాత్రల స్ట్రిప్పు మీద, పొర కమ్మిన కళ్లతోనే, ఒకటి నుంచి పది దాకా నీలం సిరాతో అంకెలు వేసిచ్చింది. మధ్యలో ఆపకూడదని, ఎవరికి మందిచ్చినా ఆమె అలవాటది. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. నాలుగుతో ఆపి, మిగతావి డబ్బాలో వేశాను.

వారం తర్వాత అడిగింది. "పదీ అయినాయా?"

"అయినాయిలేమ్మా."

"అబద్ధం గిన చెప్తాండావా?"

"నీ ముందరనా?"

నవ్వింది. నమ్మింది.

ఆ తర్వాతా రోజూ పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని పేపరు చదివి వినిపించేవాణ్ణి, మధ్యమధ్య దగ్గుతూనే.

ఆమె ఊపిరితిత్తుల్లో దొరికింది కొత్త క్రిమేమీ కాదు. మన గొంతుల్లో చడీచప్పుడు లేకుండా కాపురముండేదే. ఒకప్పుడు మామూలు మందుకే చచ్చేది, ఈసారి మార్చిమార్చి ఇచ్చినా లొంగలేదన్నారు కర్నూలు డాక్టరు. మందును తట్టుకున్నవే మిగిలి, దగ్గుతో పక్కవాళ్లకు చేరతాయట. ఆ సంగతి పేపర్లో ఆమెకు చదివి వినిపించింది నేనే. అది నా గొంతులోంచే పోయిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. పోలేదని నాతో చెప్పగలిగినవాళ్లూ లేరు.

సమాధి చేసిన మర్నాడే ఎదురింటామె వచ్చింది. "మనవడికి దగ్గప్పా, రెండు మాత్రలియ్యి."

"లేవు."

"డబ్బా నిండా ఉండాయి గదప్పా! ఇచ్చేదానికి మనసు రాకపోతే చెప్పు" అని విసురుగా బస్టాండు వైపు పోయింది. ఆపలేకపోయాను. ఏ మొహంతో ఆపను?

డబ్బా తీశాను. అన్నిటికన్నా పైన నా స్ట్రిప్పే ఉంది. చిరగని ఆరు గదులు. వాటి మీద ఆమె వంకర అంకెలు, ఐదు నుంచి పది దాకా. పది కింద ఒక గీత కూడా గీసింది.