పాత రేవులో పిలుపు

నా తాళి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకు పోయేదేమీ లేదు.

మాది కొల్లూరు పక్కన, కృష్ణ ఒడ్డున. అరటితోట మాత్రం అవతల లంకలో. మధ్యలో ఒక చిన్న పాయ. పెద్ద ఏటి నుంచి చీలి, మా లంకని చుట్టి, కిందికి పోయి మళ్లీ అందులోనే కలుస్తుంది. మామూలు రోజుల్లో మోకాలి లోతు. కానీ వరద వచ్చిందంటే దాని దారి అది మార్చుకుంటుంది. నిన్న నడిచిన చోటే ఇవాళ మడుగు పడుతుంది.

చీకట్లో దాటాలంటే మాకో పద్ధతి ఉంది. టార్చి వేస్తే నీళ్లు మెరిసి లోతు తెలియదు. అందుకని రేవులో ఒక మనిషి నిలబడి పిలుస్తూ ఉండాలి. నీళ్లలోని మనిషి ఆ గొంతు వైపే తిన్నగా నడిచి రావాలి.

మొన్నటి వరదప్పుడు నేను తెనాలిలో ఉన్నాను, మా అక్కకి ఆపరేషన్ అయితే. వరద తీశాక తిరిగొచ్చిన రోజు చీకటి పడినా మా ఆయన లంక నుంచి రాలేదు. ఎప్పటిలాగే రేవుకి వెళ్లి నిలబడ్డాను. వరదకి రేవు దిగువకి మారిందని నాకెవరూ చెప్పలేదు.

"ఏవయ్యోవ్... ఇటూ..."

మళ్లీ మళ్లీ పిలిచాను. తర్వాత అవతల నుంచి...

"వస్తన్నా..."

మా ఆయన గొంతే! నీళ్లలో అడుగుల చప్పుడు. చళుక్... చళుక్... నిదానంగా, నా వైపే. నేను పిలుస్తూనే ఉన్నాను. పాయ మధ్యదాకా వచ్చింది. అక్కడ... ఆగిపోయింది.

"ఏవయ్యా?"

కప్పలు కూడా ఊరుకున్నాయి. మనిషి మునిగిపోయాడా?

"మణీ!"

ఈసారి గట్టు మీద నుంచి. చూస్తే మా ఆయన, నడుం దాకా తడిసి, దిగువ నుంచి నడిచొస్తున్నాడు.

"ఇక్కడేం చేస్తన్నావే? ఇందాకటిదాకా కింద కొత్త రేవు కాడ నిలబడి పిలిచావు గదా? ఒడ్డెక్కి చూస్తే లేవు."

"నేనా? నేనిక్కణ్ణుంచి కదల్లేదయ్యా!"

"నీ గొంతు పట్టుకునే వచ్చానే. ఇక్కడైతే రెండు నిలువుల మడుగు పడింది. ఇటు దిగుంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. నీళ్ల మధ్య నుంచి, సన్నగా...

"వస్తన్నా..."

ఇద్దరం విన్నాం. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టెక్కించాడు.

తెల్లారి ఊళ్లో అందరినీ అడిగాం. మా ఆయన తప్ప ఆ రాత్రి లంకలో ఎవరూ లేరన్నారు. ఏ ఇంట్లోనూ మనిషి తప్పిపోలేదు.

నా గొంతుతో మా ఆయన్ని ఒడ్డుకి చేర్చింది ఎవరో తెలియదు. ఎవరైనా సరే, వాళ్లకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నన్ను పీడిస్తున్నది అది కాదు. నా పిలుపు నమ్ముకుని ఆ మడుగులోకి నడిచొచ్చింది ఎవరు? రెండోసారి "వస్తన్నా" అన్నప్పుడు నేను బదులు పలకలేదు. మళ్లీ పిలుస్తానని ఇంకా అక్కడే ఆగి ఉందేమో...