బీరప్ప కాపలా కాసిన కారు

ధారూర్ నుంచి వికారాబాద్ వెళ్లే బాట అనంతగిరి అడవి మొదట్లో ఒక ఎత్తు ఎక్కుతుంది. ఆ రోజుల్లో అది ఎర్రమట్టి మీద కంకర పరిచిన బాట. వానాకాలంలో మబ్బు ఆ ఎత్తు మీదికి దిగి, చెట్ల మధ్య పొగలాగా తిరుగుతూ ఉండేది. కురుమ బీరప్ప తన గొర్రెలను అక్కడే మేపుకునేవాడు. అప్పటికి ముప్పై దాటిన మనిషి. పెద్దగా మాట్లాడేవాడు కాదు. భార్య చంద్రవ్వ మాత్రం గొర్రెలతో కూడా కబుర్లు చెప్పేది.

1948లో వానలు తగ్గుముఖం పడుతున్న సమయం అది. నిజాం రాజ్యం కూలిపోతున్నదని చెప్పుకుంటున్నారు. బాట మీద మిలిటరీ లారీలు తప్ప వేరే బండ్లు కనిపించడం లేదు. ఒక పొద్దున ఆ మబ్బులోంచి ఒక నల్ల కారు మూలుగుతూ పైకి వచ్చింది. సగం ఎత్తు ఎక్కాక దాని కింద ఏదో ఫట్టుమంది. ఇంజన్ మోగుతూనే ఉంది కానీ కారు ముందుకు పోవడం లేదు. మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. తడిసిన బ్రేకులు పట్టలేదు.

"రాయి! చక్రం ఎనక రాయి పెట్టు!" అని డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు.

ఎద్దుబండి జారేటప్పుడు దాని వెనక నిలబడకూడదని బీరప్పకు తెలుసు. పక్కనుంచే వంగి, బాట అంచున ఉన్న గుండురాయిని చక్రం కిందికి దొర్లించాడు. కారు ఒక్కసారి ఊగి ఆగింది.

డ్రైవర్ పేరు బాల్‌రాజ్. వికారాబాద్ మనిషి, క్రైస్తవుడు, బీరప్ప కంటే వయసులో బాగా పెద్ద. కారు ఒక జాగీర్దారుది. లోపల ముసుగుల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన ఉన్నారు. ముగ్గురూ ఎంత భయంతో ఉన్నారంటే కారు ఆగిందన్న సంగతి కూడా కాసేపటి దాకా వాళ్లకు తెలియలేదు. బాల్‌రాజ్ ముందు వాళ్లను దింపి, బాటకు దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాతే కిందికి వంగి చూశాడు.

"ఇరుసు ఇరిగింది. గీ అడివిల గిది బాగయ్యే పని కాదు" అన్నాడు.

ఇరుసు అన్న మాట బీరప్పకు అర్థమైంది. బండికైనా కారుకైనా అది విరిగితే అంతే.

ధారూర్ నుంచి ఒక ఎద్దుబండి పిలిపించారు. వాళ్లు స్టేషన్‌కు పోయి, రైలు దొరికితే హైదరాబాద్ చేరాలి. బయలుదేరే ముందు బాల్‌రాజ్ బీరప్ప చేత, ఇంకో ఇద్దరు గొర్రెల కాపరుల చేత కారును తోయించి, బాటకు బాగా అవతల, మోదుగచెట్ల మధ్య చదునుగా ఉన్న చోట నిలిపాడు. నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టించాడు.

"రోడ్డు మీద ఇడిస్తే మబ్బుల ఇంకోడొచ్చి గుద్దుకుంటడు. జర చూస్తుండు తమ్మీ. సామాన్ పట్టుకొని నాల్గొద్దులల్ల వస్త" అన్నాడు.

"గట్లనే, సాబ్" అన్నాడు బీరప్ప.

ఆ నాలుగు రోజులు గడిచాయి. దసరా గడిచింది. దీపావళి కూడా గడిచింది. బాల్‌రాజ్ రాలేదు.

మొదట్లో బీరప్ప కారును దూరం నుంచే చూసేవాడు. తర్వాత ఒక వాన మధ్యాహ్నం గొంగడి పూర్తిగా తడిసిపోయి, తలుపు తీసి లోపల కూర్చున్నాడు. పైకప్పు మీద వాన చప్పుడు, అద్దం మీద నీటి చారలు. అద్దంలోంచి అడవంతా కరిగి జారుతున్నట్టు కనిపించింది. తోలు సీటుకు ఎవరో పూసుకున్న అత్తరు వాసన ఇంకా ఉంది. బీరప్ప స్టీరింగ్ చక్రం మీద చేతులు పెట్టి చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. పైన చిన్న అద్దం ఒకటి వేలాడుతోంది. అందులో అతని గొర్రెలు ఒకదాని వెనక ఒకటి దూరంగా పోతున్నట్టు కనబడ్డాయి. తిరిగి చూస్తే ఎక్కడివక్కడే మేస్తున్నాయి.

మర్నాడు రొట్టె తెచ్చిన చంద్రవ్వను వెనక సీట్లో కూర్చోమన్నాడు. ఆమె చీర కొంగుతో కాళ్ల మట్టి తుడుచుకుని మరీ ఎక్కింది. ఇద్దరూ రొట్టె తిన్నారు.

"ఇప్పుడు యాడికొచ్చినం?" అని అడిగింది చంద్రవ్వ ఉన్నట్టుండి.

బీరప్ప ఆలోచించాడు. "తాండూరు దాటినం. కాగ్నా వాగు ఒడ్డుకున్నం."

"నీళ్లున్నయా?"

"మస్తున్నయ్. జర ఆగి పోదం."

ఆగారు. వాగు తగ్గేదాకా ఆగి, మళ్లీ బయలుదేరారు. అప్పటినుంచి దాదాపు ప్రతి మధ్యాహ్నం వాళ్లు ఎక్కడికో ఒకచోటికి పోయేవాళ్లు. చంద్రవ్వ పుట్టిన ఊరికి పోయారు. ఎన్నడూ చూడని సముద్రానికి పోయారు. సముద్రం ఎట్లా ఉంటుందో ఇద్దరికీ తెలియదు కాబట్టి, జొన్నచేను గాలికి ఊగినట్టు ఉంటుందని ఒప్పుకున్నారు. పెళ్లై పదేళ్లు దాటినా పిల్లలు లేని ఆ ఇద్దరికీ ఆ కారులో గడిచే పూట ఎంతో నిండుగా ఉండేది.

ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. కొందరు టైర్లు విప్పుకుపోదామని వచ్చారు. రబ్బరు చెప్పులకు పనికొస్తుందని వాళ్ల ఆలోచన.

"ఆయన రాడు బీరప్పా. ఎవని పానం వాడు కాపాడుకునే దినాలివి. నువ్వు పిచ్చోని లెక్క కూసున్నవ్" అన్నారు.

"రాకుంటే రాకపాయె. చూస్తుంట అన్న. చూస్తున్న" అన్నాడు బీరప్ప. చేతిలో గొడ్డలి ఉన్న కాపరితో ఎవరూ ఎక్కువ వాదించలేదు.

మోదుగపూలు పూశాయి. అడవి మొదలంతా నిప్పు అంటుకున్నట్టుంది. కారు పైకప్పు మీద ఎర్రటి పూలు రాలి పరచుకున్నాయి. అలాంటి ఒక పొద్దున, ధారూర్ స్టేషన్ వైపు నుంచి ఒక మనిషి భుజాన గోనెసంచిలో చుట్టిన పొడవాటి ఇనుప కడ్డీ మోసుకుంటూ ఎత్తు ఎక్కి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. బీరప్ప ముందు గుర్తుపట్టలేదు.

బాల్‌రాజ్ కారు ముందు నిలబడి దాని చుట్టూ తిరిగి చూశాడు. నాలుగు టైర్లు, దీపాలు, అద్దాలు. చక్రాల దగ్గర రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఉంటదనుకోలే" అన్నాడు. గోనెసంచిని కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. "ఉంటదనుకోలే తమ్మీ. అయినా సామాన్ తెచ్చిన. ఎందుకు తెచ్చిన్నో నాకే ఎర్కలేదు."

జాగీర్దారు కుటుంబం దేశం విడిచి వెళ్లిపోయింది. దొరికితే కారు నువ్వే ఉంచుకో అని వెళ్తూ చెప్పారట. ఆ తర్వాత బాల్‌రాజ్ చలిజ్వరంతో మంచం పట్టాడు. లేచి నడవగలిగిన వెంటనే ఇరుసు వెతుక్కుని వచ్చాడు.

బాగుచేయడానికి చాలా రోజులు పట్టింది. బీరప్ప పక్కనే ఉన్నాడు. బాల్‌రాజ్ ఏ పనీ తొందరగా చేసేవాడు కాదు. జాకీ పెట్టేముందు మెత్తటి మట్టిలో దిగబడకుండా కింద ఒక చదునైన బండ పరిచాడు. కారు నేలమీద ఉండగానే చక్రం నట్లు వదులు చేసి, తర్వాత పైకెత్తాడు. ఎత్తాక టేకు దుంగలు కోసి తెచ్చి కారు ఒంటి కింద నిలిపేదాకా చేయి కూడా లోపలికి పెట్టనివ్వలేదు.

"గీ జాకీ ఎత్తనీకే, మొయ్యనీకే కాదు. జాకీని నమ్మి కిందికి దూరినోన్ని ఒకన్ని నా కండ్లతోటి చూసిన. ఆడు మల్ల లేవలే" అన్నాడు.

బీరప్ప ఆ దుంగల మీద చేయి వేసి, అవి గట్టిగా ఉన్నాయో లేదో తనూ ఒకసారి చూసుకున్నాడు.

విరిగిన ముక్కను బయటికి లాగారు. కొత్త ఇరుసు ఎక్కించారు. బానెట్టు కింద ఎలుకలు గూడు పెట్టాయి. దాన్ని చంద్రవ్వ ఎలుకపిల్లలతో సహా జాగ్రత్తగా తీసి పొదలో పెట్టింది. పాత పెట్రోలు వంపేసి, ప్లగ్గులు విప్పి మసి గీకారు. బ్యాటరీని బాల్‌రాజ్ రైల్లో తాండూరు తీసుకుపోయి, ఒక మిల్లులో ఛార్జి చేయించుకుని వచ్చాడు. చివరికి ముందువైపు హ్యాండిల్ దూర్చి బీరప్ప చేతికిచ్చాడు.

"బొటనవేలు గూడ మిగిలిన వేళ్ల దిక్కే పెట్టు. సుట్టు పట్టకు. హ్యాండిల్ ఎనక్కి తంతే వేలు ఇరుగుతది. కిందికి తొక్కకు, పైకి గుంజు."

బీరప్ప గుంజాడు. మళ్లీ గుంజాడు. కారు దగ్గింది, తుమ్మింది, ఒళ్లంతా వణికి మోగడం మొదలుపెట్టింది. పైనున్న మోదుగపూలు జలజలా రాలాయి. గొర్రెలు నాలుగు దిక్కులా పరుగెత్తాయి. వాటి వెనక పరుగెత్తాల్సిన బీరప్ప హ్యాండిల్ పట్టుకుని అక్కడే నవ్వుతూ నిలబడిపోయాడు.

బాల్‌రాజ్ భార్యాభర్తలిద్దరినీ ఎక్కించుకుని తాండూరు దాకా తీసుకుపోయాడు. ధారూర్ స్టేషన్ గేటు, కందిచేలు, నాపరాళ్ల గనులు అన్నీ ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోయాయి. చంద్రవ్వ సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దిగాక బీరప్ప ఎట్లా ఉందని అడిగాడు.

"బాగనే ఉంది గానీ, ఏదీ నిమ్మళంగ చూడనియ్యలే" అంది.

బాల్‌రాజ్ తాండూరులో ఉండి కారును కిరాయికి నడపడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లకు, ఆస్పత్రికి, వికారాబాద్ కోర్టు కచేరీ పనులకు జనం ఆ కారులోనే పోయేవాళ్లు. బీరప్పను తోడుగా రమ్మన్నాడు. బీరప్ప మందను విడవలేక, కారును విడవలేక చాలా రోజులు ఊగిసలాడాడు. చివరికి చంద్రవ్వే తేల్చింది.

"గొర్లు నా మాట ఇంటయ్. కారు నీ మాట ఇంటది. ఇంక ఫికరేంది?" అంది. ఆమె తన తమ్ముడితో కలిసి మందను యాలాల్ దిక్కు చేలల్లోకి తోలుకుపోయేది. బీరప్ప వారంలో కొన్నాళ్లు గొర్రెల దగ్గర, కొన్నాళ్లు కారు దగ్గర ఉండేవాడు. నడపడం నేర్చుకున్నాడు, లైసెన్సు కూడా వచ్చింది. అయినా బాల్‌రాజ్ ఉండగా ఆ సీట్లో కూర్చోవడానికి మొహమాటపడేవాడు. బాట మీద ఏ బండి ఆగినా జనం అతన్ని కేకేసేవాళ్లు. పొగలు కక్కుతున్న రేడియేటర్ మూత మీద చేయి వేయబోయిన డ్రైవర్లను ఎందరినో అతను చెట్టు నీడకు లాక్కుపోయి కూర్చోబెట్టాడు. "సల్లారనియ్. నీళ్లు యాడికి పోవు" అనేవాడు. చల్లారేదాకా వాళ్లతో పాటు తనూ ఊరికే కూర్చుని కొండల మీది మబ్బులు చూసేవాడు.

కొన్నేళ్ల తర్వాత, మళ్లీ ఒక వానాకాలం. బీరప్ప ఎత్తు దగ్గర గొర్రెలతో ఉన్నాడు. తెల్లటి మంచు, పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. నాపరాళ్ల లోడుతో తాండూరు నుంచి వస్తున్న లారీ ఒకటి మలుపు దగ్గర బాట మధ్యలో ఆగిపోయింది. దేవప్ప అనే డ్రైవర్ దిగీ దిగగానే దాని కిందికి దూరబోయాడు. రాళ్ల మీద కూర్చున్న కూలీలు దిగి బాట మీదే బీడీలు ముట్టించారు.

"ఆగు దేవప్పా! ముందుగాల చక్రాలకు రాళ్లు పెట్టు. మీరందరు గట్టెక్కుండ్రి. రోడ్డు మీద ఒక్కరు నిలవడొద్దు" అని బీరప్ప అరిచాడు. గొడ్డలితో నాలుగు పచ్చి కొమ్మలు నరికి, మలుపు అవతలికి పరుగెత్తి, వికారాబాద్ వైపు నుంచి దిగే బాట మీద దూరం దూరంగా పరిచాడు. తల మీది తెల్ల రుమాలు విప్పి, బాట పక్కన గట్టు మీద నిలబడి ఊపసాగాడు.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆకుల మీంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. ఆ తర్వాత పైనుంచి దిగుతున్న ఇంజన్ మోత వినిపించింది. ఆ మోత అతనికి తన మంద మెడగంటల కన్నా బాగా తెలుసు. బీరప్ప ఇంకా గట్టిగా ఊపాడు. నల్ల కారు మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి, కొమ్మల మీద జారుతూ, మలుపు ముందర ఆగింది.

బాల్‌రాజ్ దిగాడు. మలుపు అవతలికి నడిచి, లారీని చూసి, వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"కొమ్మలు కనవడలే బీరప్పా. నువ్వు గూడ కనవడలే. ఏదో తెల్లగ ఊగింది, గదొక్కటే. మంచుకు కాదు. ఎండల గూడ నా కండ్లకు గిట్లనే ఉంటది. ఏడాది సంది ఎవ్వరికి చెప్పలే."

బీరప్ప అతని పక్కన కూర్చున్నాడు. లారీని పక్కకు తోయించి, కొమ్మలన్నీ ఏరి అడవిలో పారేసి బీరప్ప వచ్చేసరికి, బాల్‌రాజ్ ఎడమవైపు తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. స్టీరింగ్ ముందరి సీటు ఖాళీగా ఉంది.

"నేనా అన్నా?" అన్నాడు బీరప్ప.

"మరి గొర్లు నడుపుతయా?" అన్నాడు బాల్‌రాజ్.

ఆ రోజు నుంచి బీరప్పే నడిపాడు. బాల్‌రాజ్ పక్కన కూర్చుని చెవులతో బాటను చూసేవాడు. గేరు మార్చే చప్పుడు విని ఎక్కడున్నామో చెప్పేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు. తప్పినప్పుడు బీరప్ప దిద్దేవాడు కాదు.

1960ల మొదట్లో బాల్‌రాజ్‌కు ఆయాసం ఎక్కువైంది. ఇక తాండూరు చాలు, ఇంటికి, భార్య దగ్గరికి పోతానన్నాడు. చలికాలం పొద్దున బీరప్ప అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, గొంగడి కప్పి, వికారాబాద్ బయలుదేరాడు. ధారూర్ దాటకముందే బాల్‌రాజ్ నిద్రపోయాడు. బీరప్ప గుంతలన్నీ తప్పించుకుంటూ, హారన్ కొట్టకుండా, ఎద్దుబండ్ల వెనక ఓపికగా మెల్లగా పోయాడు. కందిపూలు పసుపుపచ్చగా మంచులో తడిసి ఉన్నాయి.

ఇంటి ముందర కారు ఆగగానే బాల్‌రాజ్ భార్య సుమిత్రమ్మ బయటికి వచ్చింది. కిటికీలోంచి లోపలికి చూసింది. గొంగడి కింద ఆయన ఛాతీ మెల్లగా లేస్తూ పడుతూ ఉంది.

"లేపుదునా అక్కా?" అన్నాడు బీరప్ప గొంతు తగ్గించి.

"ఒద్దు తమ్మీ. ఎన్ని దినాలాయెనో గిట్ల పండుకోక" అంది.

ఆమె లోపలికి పోయి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఇద్దరూ కారు పక్కన ఎండలో నిలబడి, చప్పుడు చేయకుండా తాగారు.