అన్నయ్య మతిమరుపుకి నోని మందు వెతుక్కుంటూ సిప్పీఘాట్ దాకా

అండమాన్‌కి అందరూ బీచ్‌ల కోసం వెళ్తారు. నేను నోని అనే మందు పండ్ల కోసం వెళ్ళాను. మా అన్నయ్య అప్పన్న ముప్పై ఏళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో చేపల వేట చేస్తున్నాడు. మావాళ్ళు వల వేసే చోటుని ఒడ్డు మీది గుర్తులతో పట్టుకుంటారు. ఫలానా కొండ కొస, ఫలానా టవరు ఒకే వరసలోకి వచ్చాయంటే అదే చోటు. జీపీఎస్ కొనుక్కోమంటే "నా బుర్రలో ఉన్నాది సాల్లే" అనే మనిషి. అలాంటివాడు రెండు నెలల్లో నాలుగుసార్లు చోటు తప్పి, రాళ్ళ మీద వేసి వల చింపుకున్నాడు. "గుర్తులు మర్సిపోతన్నాను, ఇంక నావల్ల కాదు" అని పడవ అమ్మడానికి మాట ఇచ్చేశాడట. కొనే మనిషి శుక్రవారం వచ్చి తీసుకెళ్తాడని వదిన ఫోన్లో ఏడుస్తుంటే, నేను వైజాగ్ నుంచి బుధవారం విమానానికి టికెట్ తీసేసుకున్నాను.

ఈలోగా ఇంటర్నెట్లో నాలుగు వ్యాసాలు చదివి పండితురాలినైపోయాను లెండి. ఉప్పుగాలికి పడవ మేకులు తుప్పు పట్టినట్టే మన ఒంట్లో కణాలు కూడా ఆక్సీకరణకి దెబ్బతింటాయట. పసుపు, ఉసిరి, నోని లాంటి వాటిలోని కొన్ని పదార్థాలు మెదడు కణాల్ని ఆ దెబ్బ నుంచి కాపాడవచ్చట. "కాపాడవచ్చు" అన్నదాన్ని నేను "కాపాడతాయి" అని చదువుకున్నాను. ఆశపడ్డవాళ్ళ చదువు అలాగే ఉంటుంది మరి.

గురువారం పొద్దున్న ఏడింటికి బస్టాండులో నేనూ అన్నయ్యా చౌల్దారీ వైపు వెళ్ళే బస్సెక్కాం. నోని పెంచే వ్యవసాయ క్షేత్రం ఉన్న సిప్పీఘాట్‌కి ముప్పావుగంట, మనిషికి ఇరవై రూపాయల లోపే. దిగేటప్పుడు అన్నయ్య ఆఖరి మెట్టు తప్పి ముందుకి తూలాడు. కండక్టరు "అరే అంకుల్, సంభల్ కే!" అని జాగ్రత్త చెబుతూ చెయ్యి పట్టుకున్నాడు. అయ్యో, నడక కూడా మర్చిపోతున్నాడా అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

వ్యవసాయ క్షేత్రంలో పనిచేసే పార్వతి అనే ఆవిడ మాకు మొక్కలు చూపించింది. వాళ్ళ తాతలది శ్రీకాకుళం, ఆవిడ మాత్రం దీవుల్లోనే పుట్టింది. నోని రసం వాసన ఎలా ఉంటుందంటే, ఉప్పుచేపలు ఆరబెట్టే చోట పెరిగిన మా అన్నయ్యే ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం అన్నయ్య మతిమరుపుకని చెప్పి ఏకంగా డజను సీసాలు కావాలన్నాను.

"దీదీ, సచ్ బోలూ? నిజం చెప్పనా?" అంది పార్వతి. "మెదడుకి మంచిదని ల్యాబుల్లో చూస్తున్నారు, ఎలుకలకిచ్చి చూస్తున్నారు. మనిషికి మతిమరుపు పోతుందని పక్కాగా ఎవరూ చెప్పలేదు. పైగా కిడ్నీ జబ్బున్నవాళ్ళు, వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్నడక్కుండా తాగకూడదు. ఇంతకీ భయ్యా ఏం మర్చిపోతున్నారు?"

"గుర్తులు" అన్నాడు అన్నయ్య.

"ఇంట్లో విషయాలు?"

"అవన్నీ గేపకమే. దీని పెళ్ళిలో అలిగి అన్నం తిననోల్ల పేర్లు కూడా సెప్పీగలను."

పార్వతి ఆయన కళ్ళలోకి పరీక్షగా చూసి, పది అడుగుల అవతల చెట్టు చూపించింది. "భయ్యా, దానికి పళ్ళు ఎన్నున్నాయి?"

ఆ చెట్టు నిండా తెల్లగా మగ్గిన పళ్ళు. అన్నయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పి, "పళ్ళా? ఎక్కడున్నాయి?" అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఓరి దేవుడా! ఈ మనిషి గుర్తులు మర్చిపోవడం లేదు, ఆయనకి అవి కనబడ్డమే లేదు. జన్మలో కళ్ళజోడు పెట్టనివాడికి, కళ్ళు మూసినా చోటు తెలుస్తుందని నమ్మేవాడికి, తప్పు కంటిది అయుంటుందన్న ఊహే రాలేదు.

సీసాలూ లేవు, గీసాలూ లేవు. నాలుగొందలకి ఆటో మాట్లాడుకుని ఊళ్ళోకి వచ్చి, పదకొండింటికల్లా కంటి డాక్టరు ముందు కూర్చున్నాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుందనీ ఆవిడ చెప్పింది. నా మనశ్శాంతి కోసం పక్క గదిలో ఇంకో డాక్టరు జ్ఞాపకశక్తి కూడా పరీక్షించాడు. వందలోంచి ఏడేసి తీసేయమంటే, అన్నయ్య చేపల బేరంలా గడగడా చెప్పేసి "ఇంకేటైనా అడగండి" అన్నాడు. అమ్మయ్య! వదిన ఫోను వచ్చినప్పట్నుంచీ మోస్తున్న బరువు గుండెల మీంచి దిగింది.

తర్వాత ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టీ తాగాం. నికోబార్ షిప్పు టికెట్ల క్యూ పొడుగ్గా ఉంది. అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "రోజూ పొద్దున్న లేవగానే మీ వదిన పేరు లోపల్లోపల అనుకునీవోన్నే. ఆ పేరు గేపకముందంటే ఆ రోజుకి బతికినట్టు."

ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఒక్కడే మోశాడు, పెళ్ళానికైనా చెప్పకుండా. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఫోను తీసి, అంకెలు కనబడక నాకిచ్చి, పడవ కొంటానన్న మనిషికి కలపమన్నాడు. "బాబూ, నువ్వు రేపు రాకు. నా పడవ నేనమ్మను."

మొక్కల్లో గుణం లేదని నేననను. పరిశోధనలు జరగనివ్వండి, నిజం తేలిన రోజు మొదటి సీసా నేనే కొంటాను. కానీ ఆ రోజు మా అన్నయ్యని కాపాడింది పండు కాదు, పార్వతి అడిగిన ఒక్క ప్రశ్న. సిప్పీఘాట్ వెళ్ళేవాళ్ళు ఎండ ముదరకముందే పొద్దున్న బస్సుకి వెళ్ళండి. మీ ఇంట్లో ఎవరికోసమైనా నోని కొనాలనుకుంటే మాత్రం, బయల్దేరే ముందు వాళ్ళ పక్కన కూర్చుని అడగండి: నువ్వు మర్చిపోతున్నది ఏమిటి?