ఆయమ్మ వంగని వేలు

పసిపిల్లల్ని చూసుకునే ఆ సెంటరులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆయమ్మకు ఏడుపులు కొట్టినపిండి. ఇది ఆకలి, ఇది నిద్ర, ఇది ఉత్త పెంకితనం అని తలుపవతల నుంచే చెప్పేసేది. అలాంటి మనిషికి, మాటలు రాని పిల్లలతో మాట్లాడడం నేర్పడానికి ఓనరమ్మ ఒక టీచరమ్మను పెట్టింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

టీచరమ్మ చదువు వారం రోజులది, సర్టిఫికెట్టు మాత్రం గోడంత. పాలు, ఇంకా, చాలు, నిద్ర అంటూ ఇరవై సైగలు తెచ్చింది. పిడికిలి మూసి తెరిస్తే పాలు. నెల తర్వాత ఆయాలకు పరీక్ష. తప్పినవాళ్లు ఇంటికే.

ఆయమ్మకు భయం పట్టుకుంది. సైగలు రాక కాదు. ఆరేళ్ల కిందట పాకే పాపాయి ఒకతె తలుపు సందులో చెయ్యి పెట్టబోతే తన చెయ్యి అడ్డం పెట్టింది. తలుపు పడి నలిగిన చూపుడువేలు అప్పటినుంచి వంగదు.

పరీక్షనాడు పాలు చూపించమన్నారు. ఆయమ్మ పిడికిలి మూసింది. వేలు నిటారుగా నిలబడింది.

"అది పాలు కాదు, బెదిరింపు" అంది టీచరమ్మ.

"వేలు వంగదమ్మా. అయినా పిల్లలకి అర్థమవుతూనే ఉంది."

"రేపు పిల్లలు తప్పు నేర్చుకుంటే ఎవరు జవాబు చెప్తారు? నెలాఖరు దాకా చేసి మానెయ్యండి."

ఆ పూట ఆయమ్మ అన్నం ముట్టలేదు. వందమందికి పాలు పట్టిన చెయ్యి, పాలు అనడం రాక తప్పింది.

నెలాఖరున తల్లిదండ్రుల ముందు ప్రదర్శన పెట్టారు. టీచరమ్మ అరగంట ఉపన్యాసం దంచి, పాలసీసా పైకెత్తింది. చాపమీద కూర్చున్న పన్నెండుమంది పిల్లలూ పిడికిళ్లు మూసి తెరిచారు. ప్రతి చేతికీ చూపుడువేలు నిక్కబొడుచుకునే ఉంది. అందరూ కూడబలుక్కుని టీచరమ్మను బెదిరిస్తున్నట్టుంది. వాళ్ల చూపు మాత్రం తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ మీద ఉంది. తన వేలిని పన్నెండు చేతుల్లో చూసుకుని ఆయమ్మకు కడుపు నిండిపోయింది.

"ఆ వేలెందుకండీ?" అని ఒక తండ్రి అడిగాడు.

టీచరమ్మ తడుముకోలేదు. "అది మా ప్రత్యేక పద్ధతండీ."

తల్లిదండ్రులంతా వేళ్లు నిలబెట్టి సాధన మొదలుపెట్టారు. ఓనరమ్మ మర్నాడే గోడమీది పాలసైగ బొమ్మలో వేలు నిలబెట్టించి, ఆయాలకు మళ్లీ పరీక్ష పెట్టించింది.

ఈసారి ఆయమ్మ పాసయింది. మిగతా ఇద్దరు ఆయాలూ తప్పారు. వాళ్ల వేళ్లు వంగిపోతున్నాయట.