మొదటి జాపాలి

జాపాలి అనే పేరు ఇప్పుడు మా వైపు మగపిల్లలకు బాగానే వినబడుతోంది. తిరుపతిలో మా వీధిలోనే ఇద్దరున్నారు. కార్వేటినగరంలో ఒకడు, చిత్తూరులో మా వదిన చెల్లెలి కొడుకు ఇంకొకడు. ఆ పేరు ఎక్కడిదని అడిగితే అందరూ మా అన్న కొడుకును చూపిస్తారు. అది అబద్ధం. ఆ పేరు మొదట పెట్టింది నా కొడుక్కి. వాడు లేడు కాబట్టి ఈ మాట చెప్పడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

జాపాలి తీర్థం కొండమీద, పాపవినాశనం పోయే దారికి పక్కన అడవిలో ఉంటుంది. అప్పటికింకా కొండకు బస్సులు లేవు. నా భార్యకు ఆరో నెల వచ్చినా కడుపులో బిడ్డ కదలలేదు. మంత్రసాని చూసి పెదవి విరిచి వెళ్లిపోయింది. నా భార్య ఎవరెంత వద్దన్నా వినక అలిపిరి నుంచి మెట్లెక్కింది. తీర్థంలో నీళ్లు తాగి, రాతి మీద కూర్చుని, ఉన్నట్టుండి నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.

"కదిలినాడు. తెలస్తా ఉండాదా?"

నాకేమీ తెలియలేదు. తెలిసిందన్నాను. కొడుకు పుడితే ఈ చోటు పేరే పెట్టాలని అక్కడే అనుకున్నాం.

పేరు పెట్టిన రోజు మా అన్న పదిమందిలో నవ్వాడు. "ఏందిరా, కొండమీద సామికి వెయ్యి పేర్లుంటే నీకు కోతులుండే చోటే దొరికిందా?"

"సామి పేరుండేవాళ్లు మనింట్లో ఇప్పటికే ఆరుమంది ఉండారు. ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు," అన్నాను.

"పోనీలే అబ్బా," అంది మా వదిన, "వీణ్ణి పిలిచే పనేముంది, అరటిపండు చూపిస్తే వాడే వస్తాడు."

అందరూ నవ్వారు. ఆ రోజు ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ మూల కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మాది పూలు కట్టే కుటుంబం. మా ఇళ్లలో పుట్టువెంట్రుకలు కొండమీదే తీయించాలి. అప్పుడు బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. నా బావమరిది అప్పుడు పట్టాళంలో ఉన్నాడు. యుద్ధం ముగిస్తే తప్ప రాడు. మొదటి ఏడు దాటిపోయింది. మూడో ఏట మా అన్న వచ్చి, "నా బామ్మర్దిని కూచోబెడదాం రా. వరసకు వాడూ మేనమామే కదా," అన్నాడు.

ఆ మనిషి నా పెళ్లి పందిట్లో నన్ను పైనుంచి కిందికి చూసి, "పెండ్లికొడుకు యాడ? ఈయన డోలు వాయించే ఆయన కాదా?" అని అడిగినవాడు. వాడి ఒళ్లో నా కొడుకు కూర్చోడన్నాను. ఐదో ఏట తీయిస్తానన్నాను. నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బిడ్డ జుట్టు భుజాల దాకా పెరిగింది. ఆమె దాన్ని జడ వేసి కనకాంబరాలు పెట్టేది. వాడు వాటిని పీకి నోట్లో పెట్టుకునేవాడు.

ఆ ఎండాకాలం వాడికి అమ్మవారు పోసింది. తొమ్మిదో రోజు పోయాడు.

గొయ్యి తవ్వింది మా అన్నే. ఆ మాట దాచను. పుట్టువెంట్రుకలు తీయని బిడ్డకు మాలో దినాలు లేవు, పెద్దకర్మ లేదు. పూడ్చి, స్నానం చేసి ఇంటికి రావడమే. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ వాడి పేరు ఎత్తలేదు. ఎత్తకూడదట.

ఏడాదిన్నర తిరిగేసరికి, నలుగురు ఆడపిల్లల తర్వాత మా అన్నకు కొడుకు పుట్టాడు. వాడికి జాపాలి అని పేరు పెట్టారు. నాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. పందిట్లో అందరితో పాటే విన్నాను.

"కోతుల చోటని నవ్వినావే అన్నా," అన్నాను.

"ఆ పేరు మళ్లీ మనింట్లో వినబడాలని పెట్టినా రా."

"నన్నడిగినావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటావా?"

ఒప్పుకునేవాణ్ణి కాదు. అయినా అడగాల్సింది.

ఆ పిల్లవాడు పెద్ద జ్వరం వచ్చి కూడా బతికి బయటపడ్డాడు. దాంతో ఆ పేరుకు బలముందని ఆడవాళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి కొండకు బస్సులు పడ్డాయి. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు నిలవనివాళ్లు జాపాలి దాకా పోయి రావడం, కొడుకు పుడితే ఆ పేరు పెట్టడం ఎక్కువైంది. మా వీధిలో మొదటి పిల్లవాడికి పెట్టినప్పుడు నన్నూ పిలిచారు. వెళ్లి, తాంబూలం చేతికివ్వగానే చెప్పాను: "ఈ పేరు మొదట పెట్టుకున్నోడు నా కొడుకు."

ఆ ఇంటి ముసలామె నా చేతిలో తాంబూలం లాక్కున్నంత పని చేసింది. "బిడ్డ చెవిలో పేరు చెప్పే పొద్దు ఆ మాటలేందప్పా? సచ్చినోడి ఊసు ఈడ తీస్తావా? లెయ్యి, లేసి బయటికి పో!"

ఆ తర్వాత రెండో పిల్లవాడి బారసాలకు మా వీధివాళ్లే నన్ను పిలవలేదు. చిత్తూరులో బారసాలకు మా ఇంటిల్లిపాదీ పోయారు, నేను తప్ప. ఆ పేరు ఎన్ని ఇళ్లకు పాకితే అన్ని ఇళ్లలో నేను నోరు మూసుకోవాల్సి వచ్చింది.

ఇక మిగిలింది మహాలయ అమావాస్య. ఆ రోజు మా ఇంట్లో పోయినవాళ్లకు కొత్త బట్టలు వరసగా పెట్టి, ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి అన్నం పెడతాం. పిలిచేది ఇంటికి పెద్దవాడు, అంటే మా అన్న. ఒక్కసారైనా ఆ వరసలో నా కొడుకు పేరు చెప్పిస్తే, వాడు మా ఇంట్లో పుట్టినవాడని పదిమంది చెవిన పడుతుందని నా ఆశ. మూడేళ్లు అడిగాను. మూడేళ్లూ, "ఎంటికలు తియ్యని బిడ్డ పెద్దల్లో ఎట్ల కలుస్తాడు రా?" అనే జవాబే వచ్చింది.

నాలుగో ఏడు అడగలేదు. చిన్న చొక్కా ఒకటి కుట్టించి తీసుకుపోయి, మా అమ్మ చీర పక్కన నేనే పెట్టాను. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అన్న కోప్పడలేదు. తన కొడుకును దగ్గరికి పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"పోయినోళ్లను పిలిచే చోట ఆ పేరు ఎత్తాల, అంతే కదా? ఈడ బతికుండేవాడు ఒకడుండాడు ఆ పేరుతో. వీడి ముందర నేనెత్తలేను. నువ్వెత్తగలిగితే ఎత్తు. నేనేమీ అనను."

మా వదిన వాకిట్లో నిలబడి రెండు చేతులూ జోడించింది. ఇన్నేళ్లలో ఆమె నాకు దణ్ణం పెట్టింది అదొక్కసారే. పిల్లవాడు గారె తింటూ నా నోటివైపే చూస్తున్నాడు. వాడికి ఆరేళ్లు. నా కొడుకు ఆ వయసు చూడలేదు.

నేను పిలవలేదు.

దాన్ని క్షమించడం అనుకుని మా వదిన ఊరంతా చెప్పుకుంది. నేనెవరినీ క్షమించలేదు. మా అన్న మిగతావాళ్ల పేర్లు వరసగా పిలిచాడు. చొక్కా దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, ఏమీ అనకుండా ఒక ముద్ద పెట్టి, పక్కనున్న మా నాయన పంచె దగ్గరికి జరిగాడు.