తిరగని డిస్కు

ఆ పొద్దున కంప్యూటరు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరుసలు చూపించి ఊరుకుంది. లోపల డిస్కు మాత్రం టిక్కు, టిక్కుమని కొట్టుకుంటోంది, లోపలివాళ్లు నిద్రపోతుంటే బయట నిలబడి తలుపు తడుతున్న మనిషిలా. మాస్టారు స్విచ్చి ఆపి మళ్లీ వేశారు. మళ్లీ అదే. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

వీధిలో ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఒకప్పుడు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్లు తుక్కులోకి వెళ్లిపోయాయి, పిలుపు మిగిలిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ప్రెస్సువాళ్లకు పుస్తకాలు టైపు చేసిపెడతారు. ఎవరెవరివో జీవితాలు, ఎవరెవరివో వాదనలు ఆయన వేళ్ల మీదుగా సాగిపోతుంటాయి, వంతెన మీదుగా బళ్లు సాగిపోయినట్టు. వంతెన ఎక్కడికీ వెళ్లదు. అరుగుతుందంతే.

ఉన్నవి రెండు గదులు. ముందు గదికి ఒక్క కిటికీ. దాని కింద ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చుకున్న పొడుగాటి బల్ల. బల్లకు ఒక చివర ఆయన కంప్యూటరు, రెండో చివర ఆయన భార్య కుట్టుమిషను. మోటారు బిగించిన మిషను. కింద పెడలు తొక్కితే చాలు, పరుగెడుతుంది. ఆవిడ కొత్త బట్టలు కుట్టదు. జిప్పులు మారుస్తుంది, పొడుగైనవి పొట్టి చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. లోపలి గదిలో లైటు వేసినా నీలం దారం, నల్ల దారం ఆవిడ కంటికి ఒక్కటే. కిటికీ దగ్గరైతే రెండూ వేరు. కంటి డాక్టరు ఇచ్చిన అద్దాలు సగం పని చేస్తే, మిగతా సగం ఆ కిటికీ చేస్తోంది.

పోయినేడు, దీనికి ముందున్న డిస్కు చచ్చిపోయినప్పుడే మాస్టారుకి ఒక అనుమానం వచ్చింది. ఆవిడ మందపాటి బట్ట మీద మిషను తొక్కుతుంటే ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి చూశారు. చెక్కలోంచి సన్నటి వణుకు అరచేతిలోకి పాకింది. ఆ బల్ల మీదే కదా డిస్కు ఉన్న పెట్టె కూడా! సంగతి అర్థమైంది. కానీ చెప్పలేదు. చెబితే ఆవిడ వాదించదు. లేచి, మిషను ఎత్తుకుని, లోపలి చీకటి గదిలో పెట్టేసుకుంటుంది. పైగా అక్కడే చల్లగా ఉందంటుంది. ఆవిడ సంగతి ఆయనకు తెలుసు.

అందుకని అప్పటి నుంచి, ఆవిడ మిషను ముందు కూర్చుంటే చాలు, "కళ్లు లాగుతున్నాయే" అని ఆయన కంప్యూటరు ఆపేసి మంచమెక్కేవారు. పని కుంటుపడింది. ప్రెస్సాయన ఎత్తిపొడిచాడు కూడా: "ఏం మాస్టారూ, మీ వేళ్లు కూడా రిటైరయ్యాయా?" ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆవిడా ఈ మధ్య తొందరగా లేచిపోతోంది. ఆయన కీబోర్డు ముందుకు జరుపుకోగానే "అబ్బ, భుజం పట్టేసింది" అంటూ దారం తెంపేసేది. వయసు ఇద్దరి తలుపూ ఒకేసారి తట్టిందనుకున్నారు మాస్టారు. అది తలుచుకుంటే ఇంకాస్త అలసట వచ్చేది.

"పోయిందా?" వంటగదిలోంచి ఆవిడ తొంగిచూసింది.

"పోయింది."

"అయ్యో! టైపు చేసిందంతా?"

"రోజూ సాయంత్రం పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తూనే ఉన్నాగా. పని ఎక్కడికీ పోలేదు. దానికంత అదృష్టం కూడానా."

"మరి ఆ మొహం ఏంటలా?"

"మళ్లీ డిస్కు కొనాలి. ఏది కొనాలో ఆలోచించాలి. ఆలోచించాలంటేనే నీరసం వస్తోంది."

"పదండి, నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"దారాలు కొనుక్కోవాలి," అంది ఆవిడ, గ్యాసు కట్టేస్తూ.

కంప్యూటరు పెట్టెని పాత దుప్పట్లో మూటకట్టి, చెరో కొస పట్టుకుని బయల్దేరారు. పెట్టె ఇద్దరి మధ్యా నిద్రపోతున్న బిడ్డలా ఊగుతోంది. బట్టలు ఇస్త్రీ చేసే అతను ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి మరీ అడిగాడు: "ఏంటి మాస్టారూ, ఎవర్ని మోసుకెళ్తున్నారు?"

"మా సవతిని," ఆవిడే జవాబిచ్చింది. "ఒంట్లో బాలేదు. నీకేమైనా తెలుసా వైద్యం?"

"నాకు మడతలు పోగొట్టడమే వచ్చు పిన్నిగారూ!"

మాస్టారు నవ్వబోయారు గానీ ఆ నవ్వు సగంలోనే ఆవులింతైపోయింది.

రిపేరు కొట్టు ఒక మెట్లదారి కింద ఉంది. తల వంచి లోపలికి వెళ్లాలి. కొట్టతన్ని డాక్టరంటారు. ఏ డిస్కు తెచ్చినా ముందు చెవికి ఆనించుకుని వింటాడు గనక ఆ పేరు. ఈ డిస్కునీ విన్నాడు. పెదవి విరిచాడు.

"అయిపోయింది మాస్టారూ. ఇక దీన్ని లేపకండి, పాపం."

తరవాత గాజు అలమారా లోంచి రెండు డిస్కులు తీసి ముందు పెట్టాడు. ఒకటి పాతదానిలాగే ఇటుకంత ఉంది. రెండోది కళ్లజోడు పెట్టె కంటే పల్చన.

"రెండూ ఇంచుమించు ఒకే ధర. ఈ పెద్దదాంట్లో బోలెడు చోటు. మీరు ఇంతవరకూ టైపు చేసిన పుస్తకాలన్నీ పోసినా అడుగున ఓ మూలకి వస్తాయి. ఈ చిన్నదాంట్లో చోటు తక్కువ. ప్రస్తుతం పనికి సరిపోతుందంతే. కాకపోతే త్వరగా తెరుచుకుంటుంది."

పెద్దదాన్ని చేతిలోకి తీసుకున్నారు మాస్టారు. ఆ బరువు ఆయనకు హాయిగా అనిపించింది. పాత పుస్తకాలన్నీ ఇప్పుడు సీడీల్లో, అట్టపెట్టెల్లో, మంచం కింద ఉన్నాయి. ప్రెస్సువాళ్లు మళ్లీ అచ్చు వేస్తామన్నప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చుని, దుమ్ములో తల దూర్చి వెతకాలి. అన్నీ ఒక్కచోట ఉంటే, వేలు కదిపితే చాలు, కావలసిన పుస్తకం తెర మీదకు వస్తుంది. నడుము వంచక్కర్లేదు. ఆయన ఎన్నాళ్లుగానో కోరుకుంటున్నది ఆ ఒక్కటే.

"ఇంతకీ ఇంట్లో దీన్ని ఎక్కడ పెడతారు?" డాక్టరు పాత డిస్కుని తిప్పి చూస్తూ అడిగాడు. "ఏడాదికే పోయిందంటే... పక్కన అదిరేవి ఏమైనా ఉన్నాయా? ఇందులో పళ్లెం తిరుగుతుంటుంది మాస్టారూ, దాని పైన వెంట్రుకవాసి ఎత్తులో ముల్లు. అస్తమానూ కుదుపుతుంటే ముల్లు పళ్లాన్ని గీరేస్తుంది."

"అదిరేవా? అబ్బే, ఏమీ లేవు. గోడ వార పెట్టుకుంటాను."

"అబద్ధం," అంది ఆవిడ.

మాస్టారు తల తిప్పారు.

"నా కుట్టుమిషను ఉంటుంది నాయనా, అదే బల్ల మీద. నేను తొక్కితే గుండుసూదులు నడుచుకుంటూ ఈయన కీబోర్డు కిందికి పోతాయి. సూదులే పోతుంటే లోపల ముల్లు ఊరుకుంటుందా? అందుకే ఈయన కూర్చుంటే నేను లేచిపోతున్నాను."

"భుజం అన్నావు కదే!"

"మీరు కళ్లు అన్నారుగా!"

ఆయన లేచాక ఆవిడ, ఆవిడ లేచాక ఆయన. ఒక బల్ల, ఒక కిటికీ, సగం సగం రోజులు. ఈ ఏడాదిలో ఎండంతా ఆ బల్ల మీద ఎవరూ లేకుండా ఎన్నిసార్లు పారబోసుకుపోయిందో అనిపించింది మాస్టారుకి.

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. "ఇద్దరూ అంత జాగ్రత్తగా ఉంటే మరి ఇదెలా పోయిందండీ?"

ఆవిడ గొంతు తగ్గింది. "నిన్న ఈయన ప్రెస్సుకి వెళ్లారు. తెర నల్లగా ఉంది. ఆపేసి వెళ్లారనుకుని, రిపేరుకొచ్చిన మందపాటి కోట్లన్నీ ముందేసుకుని సాయంత్రం దాకా తొక్కాను."

"తెర ఒక్కటే ఆపాను," అన్నారు మాస్టారు. "సీడీలోంచి పాత పుస్తకాలు డిస్కులోకి ఎక్కుతుంటే పెట్టె నడుస్తూనే ఉంది."

ఇద్దరూ పాత డిస్కు వంక చూశారు. తప్పెవరిదో తేల్చుకునే ఓపిక ఇద్దరికీ లేదు. తేల్చడానికి తప్పు కూడా ఏమీ దొరకలేదు.

"ఆ పెద్దదే ఇవ్వు నాయనా," అంది ఆవిడ చివరికి. "ఈయనకు మంచం కింద దూరే బాధ తప్పుతుంది. మిషను నేను లోపలి గదిలోకి జరుపుకుంటాను. అక్కడైతే చల్లగా కూడా ఉంటుంది."

ఆ చివరి మాట వింటూనే మాస్టారు చేతిలోని బరువు కింద పెట్టేశారు.

"ఆ చిన్నదాంట్లో ఏం తిరుగుతుంది?"

"ఏమీ తిరగదు మాస్టారూ. పళ్లెం లేదు, ముల్లు లేదు. బల్ల మీద రోడ్డు రోలరు నడిపినా దానికి తెలీదు."

"అదివ్వు."

"మరి మీ పుస్తకాలు?" ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "దుమ్ములో వెతుక్కోలేక చస్తున్నారు ఇప్పటికే."

"వెతుక్కుంటే దొరుకుతాయి. నీలం దారం అలా కాదుగా."

"అంత పట్టుదల ఎందుకండీ?"

"పట్టుదల కాదే. అలిసిపోయాను. కళ్లు లాగుతున్నాయని అబద్ధం చెప్పి, నిద్ర రాకుండా మంచం మీద పడుకోవడం టైపు కొట్టడం కంటే కష్టంగా ఉంది."

ఆవిడ ఆయన మోచెయ్యి వదిలేసింది. డాక్టరు చిన్నదాన్ని పెట్టెలో పెట్టబోతే ఇటుకంత చోటులో అది లొడలొడలాడింది. రెండు వైపులా అంటుకునే టేపు వేసి నొక్కాడు. కంప్యూటరుకు ప్రాణం పోసే పనంతా అక్కడే చేసిచ్చాడు. అది అయ్యేదాకా ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. దారాల సంగతి ఆవిడకీ గుర్తులేదు, ఆయనా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి కిటికీలోంచి ఎండ బల్ల మీదకు ఏటవాలుగా దిగుతోంది. మాస్టారు వైర్లు తగిలించి స్విచ్చి వేశారు. చప్పుడు లేదు. ఇన్నాళ్లూ డిస్కు గుర్రుగుర్రుమంటే పేజీ భద్రమైందని ఆయనకు తెలిసేది. ఇప్పుడు ఆ భరోసా లేదు. నమ్మడమే. పెన్‌డ్రైవు పెట్టి, ఆగిపోయిన పేజీ తెరిచి, ఒక వాక్యం కొట్టారు.

బల్ల రెండో చివర ఆవిడ కూర్చుంది. సూది కింద బట్ట పెట్టింది. పాదం పెడలు మీద ఉంది, నొక్కడం లేదు.

"తొక్కు," అన్నారాయన.

"ముందు సేవ్ చేసుకోండి."

"చేశాను."

"ఇంకోసారి చేయండి."

చేశారు. ఆవిడ నాలుగు కుట్లు వేసి ఆగింది. తెర వంక చూసింది. అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అలా గోకితే ఏం తెలుస్తుంది? గట్టిగా తొక్కవే."

ఆవిడ పెదవి బిగబట్టి పెడలు నొక్కింది. మిషను బల్లనంతా పట్టి ఊపేసింది. బల్ల మీదున్న మాస్టారి కళ్లజోడు పెట్టె జరిగి అంచుదాకా వచ్చింది. దాన్ని ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో టైపు చేస్తూ పోయారు. పేజీ నిండింది. తరవాత పేజీ తెరుచుకుంది. జిప్పు చివరిదాకా ఆవిడ పాదం తియ్యలేదు.

కాసేపటికి నిజంగానే ఆయన కళ్లు లాగడం మొదలుపెట్టాయి. ఆ మాట ఎలా చెప్పాలో తోచక కళ్లు నులుముకున్నారు. ఆవిడ మిషను ఆపకుండానే, తల ఎత్తకుండానే అంది:

"పోయి కాస్త పడుకోండి. దాన్ని అలాగే వదిలేయండి, ఆపక్కర్లేదు."

మాస్టారు లేచారు. స్విచ్చి వైపు అలవాటుగా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గోడ వైపు తిరిగి మంచం మీద పడుకున్నారు. వెనక, ఎండలో, సగం టైపు చేసిన పేజీ వెలుగుతూనే ఉంది. మిషను రెండో జిప్పు మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ వింటూనే ఆయనకు నిద్ర పట్టింది.